పులి బొమ్మ అర్ధరూపాయి

మంచం కింది నుంచి పెట్టెను లాగుతున్న పుష్పలత మొగుడి వైపు తలెత్తి చూడలేదు. ఆ పెట్టెకు చక్రం ఒకటి ఎప్పుడో విరిగింది. కీచుమంటూ నేలను గీసుకుంటూ వచ్చి నాగేంద్రప్రసాద్ కాలికి తగిలి ఆగింది. అతను కాలు తీశాడు. ఆమె మళ్లీ లాగింది.

పెట్టె ఖైరున్‌బీది. అర్దియాలో ఒక కువైటీ ఇంట్లో పందొమ్మిదేళ్లుగా వంట చేస్తున్న రాయచోటి మనిషి ఆమె. ఊరికి పోయేటప్పుడు తీసుకుపోదామని కొన్నవన్నీ ఫర్వానియాలో వీళ్ల గదిలోనే దాచుకునేది. ఆ సామాను తెచ్చి ఇమ్మని, ఆదివారం విమానానికి టికెట్టు తీశామని, పనివాళ్లందరూ మామా అని పిలిచే ఆ ఇంటి యజమానురాలు పొద్దునే ఫోన్ చేసింది. ఈ పోవడం సెలవు మీద పోవడం కాదు. దొంగ అని పేరుపెట్టి, ఆ దేశంలో ఉండే అనుమతి ఇఖామాను రద్దు చేసి పంపించడం.

"ఈ దుప్పటి గూడా ఆమెదే," అంది పుష్పలత గోడతో చెప్పినట్టు. "నేను కువైట్‌కు వచ్చిన కొత్తల్లో చలికి వణుకుతాంటే కప్పింది. మడిచి పెడ్తాండా."

"పెట్టు. నేనేమన్నా వద్దన్న్యానా?"

"నిన్నెవురు అడిగినారు?"

నాలుగు రోజులుగా ఆ గదిలో మాటలు ఇలాగే నడుస్తున్నాయి. సోమవారం నుంచి ఆమె అతనికి అన్నం పెడుతోంది, బట్టలు ఉతుకుతోంది, మొహం మాత్రం చూడడం లేదు. కసిరినా బాగుండేది. కసిరే పెళ్లానికి జవాబు చెప్పొచ్చు.

"నాకేం ఆమె మింద కక్షా? మామా పిలిచింది. ఇవి వెండివేనా చూడు అనింది. చూసినా. ఉన్నది చెప్పినా."

"ఆమె పేరు ఎత్తలేదు గూడా," అంది పుష్పలత ఎత్తిపొడుపుగా.

"ఎత్తలేదు గదా మరి."

"బీరువా తాళంచెయ్యి ఎవురి నడుముకు ఉంటాదో ఆ ఇంట్లో పిల్లోళ్లకు గూడా తెలుసు. నువ్వు పేరెత్తే పనేముండాది?"

నాగేంద్రప్రసాద్ జేబులోంచి తాళాల గుత్తి తీశాడు. దానికి బొటనవేలంత అయస్కాంతం వేలాడుతూ ఉంటుంది. ప్రొద్దుటూరులో ఒక సేటు బంగారు అంగట్లో పదకొండేళ్లు గీటురాయి ముందు కూర్చున్న మనిషి అతను. కువైట్‌కు వచ్చి డ్రైవరైనా ఆ పేరు పోలేదు. ఈ బిల్డింగులో ఎవరు చెవికమ్మ కొన్నా, గొలుసు కొన్నా అతని చేతిలో పెట్టి, అతను తల ఊపేదాకా ఊపిరి బిగబట్టి నిలబడతారు. ఆ నిలబడడం అతనికి జీతం కంటే ఇష్టం.

"ఇది అబద్ధం చెప్తాదా మే? రాజు బొమ్మ అర్ధరూపాయి అంటే వెండి. మా జేజి ముడుపుల్లో చూసినా, సేటు కాడ చూసినా. వెండి దీనికి అంటుకోదు. ఇనుము అంటుకుంటాది. పెట్టెలో సగం అంటుకోలేదు, సగం ఎగిరొచ్చి అంటుకున్న్యాయి. ఇంగ నేనేమని చెప్పాల?"

సోమవారం జరిగింది అదే. మామా వాళ్ల నాన్న పడవల్లో ఖర్జూరాలు వేసుకుని బొంబాయికి పోయి వచ్చిన మనిషి. అప్పట్లో కువైట్‌లోనూ మన రూపాయలే నడిచేవి. నాగేంద్రప్రసాద్‌కున్న పేరు విని పిలిపించి, ఆయన దాచుకున్న పాత నాణేల చెక్కపెట్టెను మామా బీరువాలోంచి తీయించింది. అతను అయస్కాంతం పెట్టి చూసి, వాటిని రెండు కుప్పలు చేశాడు. "ఇవి అసలువి. ఈ పులి బొమ్మవి ఎవరో మార్చి పెట్టిన నకిలీవి" అన్నాడు. హాలు మధ్యలో, నలుగురూ వింటుండగా, గొంతు సవరించుకుని మరీ అన్నాడు.

పుష్పలత పెట్టె మూత వేసి దాని మీద కూర్చుని గొళ్లెం బిగించింది.

"సోమశేఖర్ సార్ నిన్ను ఇంటికి రమ్మన్న్యాడు," అంది. "పెట్టె ఇచ్చేదానికి పొయ్యే దావలో పోదాం."

"నన్నా? ఏమిటికి?"

"నిన్న గిన్నెలు తోముతా ఉమ మేడంతో చెప్పుకోని ఏడ్చినా. సార్ హాల్లో ఉండి విన్న్యాడు. పులి బొమ్మా అని రెండుసార్లు అడిగినాడు. ఆ బిళ్లల ఫోటో ఉంటే తెమ్మన్న్యాడు."

ఫోటో ఉంది. ఉండకేం. తన గొప్పతనం చూపించుకోవడానికి సోమవారమే తీసి బావమరిదికి పంపాడు.

* * *

సోమశేఖర్ విజయవాడ మనిషి, ఇంజనీరు. పుష్పలత పనిచేసేది ఆయన, ఆయన భార్య ఉమ ఉండే ఇంట్లోనే. సాల్మియాలో ఎనిమిదో అంతస్తులో ఉంటాడు. పాత నాణేలు పోగుచేయడం ఆయనకు పిచ్చి. నాగేంద్రప్రసాద్ సోఫా అంచున కూర్చున్నాడు. పుష్పలత కూర్చోలేదు. వంటింటి గుమ్మంలో ఉమ పక్కన నిలబడింది.

"ఏ సంవత్సరం నాణేలండీ అవి?" అని అడిగాడు సోమశేఖర్.

"చూళ్లేదు సార్."

"నాణెం చేతికొస్తే ముందు చూసేది అదే కదా."

"మేము లోహం చూస్తాం సార్. తేదీతో మాకు పని లేదు."

సోమశేఖర్ ఫోన్ అందుకుని బొమ్మను పెద్దది చేశాడు. అద్దాలు నుదుటి మీదికి తోసి దగ్గరగా పెట్టుకుని చూశాడు. తర్వాత లేచి అలమారలోంచి ఒక ఆల్బమ్ తెచ్చాడు. ప్లాస్టిక్ గూళ్లలో నాణేలు వరసగా ఉన్నాయి. అంచులు మాత్రమే పట్టుకుని ఒకటి తీసి, మెత్తని గుడ్డ మీద పెట్టాడు. ఒకవైపు రాజు తల. తిప్పితే పులి.

"ఇది నేను పదిహేనేళ్ల కిందట హైదరాబాద్‌లో కొన్నాను. అసలుది. మీ అయస్కాంతం ఇటు తెండి."

నాగేంద్రప్రసాద్ గుత్తి తీసి దగ్గరికి తెచ్చాడు. నాణెం టక్కున ఎగిరి అంటుకుంది.

అతను దాన్ని ఊడదీసి మళ్లీ పెట్టాడు. మళ్లీ అంటుకుంది.

"నికెల్," అన్నాడు సోమశేఖర్. "ఇనుమొక్కటే అంటుకుంటుందనుకుంటాం. నికెల్ కూడా అంటుకుంటుంది. నలభై అయిదు దాకా అర్ధరూపాయిలో సగమైనా వెండి ఉండేది. యుద్ధం వల్ల వెండికి కరువొచ్చింది. నలభై ఆరు, నలభై ఏడులో వచ్చినవి అచ్చంగా నికెల్‌వి, వెనక పులి బొమ్మతో. మీ ఫోటోలో ఉన్నవన్నీ ఆ రెండేళ్లవే. పులి బొమ్మ ఉండి అయస్కాంతానికి అంటుకోకపోతేనండీ, అప్పుడు అనుమానించాలి."

ఆయన మామూలుగానే చెప్పాడు. పిల్లలకు లెక్క చెప్పినట్టు చెప్పాడు. వినేవాడికి మాత్రం చెవులు వేడెక్కాయి. గుమ్మం వైపు చూసే ధైర్యం లేదు. చూడకపోయినా పుష్పలత తననే చూస్తోందని తెలుస్తోంది, నాలుగు రోజుల తర్వాత మొదటిసారి.

"అంగట్లో ఎప్పుడూ నా చేతికి రాలేదు సార్ ఈ రకం," అన్నాడు.

"ఎందుకొస్తాయి? నికెల్‌ను ఎవరూ కుదువ పెట్టరు, కరిగించరు."

"వీటికి విలువేమన్నా ఉండాదా సార్?"

అలా ఎందుకు అడిగాడో అతనికే తెలియదు. విలువ లేదంటే తన తప్పు కూడా చిన్నదవుతుందని ఎక్కడో ఆశ.

"అరుగుదలను బట్టి ఉంటుంది. పులి ఒంటి మీద చారలు విడివిడిగా కనపడాలి. రాజు కిరీటం చదునైపోకూడదు. తేదీ దగ్గర ఏ టంకశాలలో కొట్టారో తెలిపే గుర్తు చూస్తాం. చేతులు మారి అరిగినవైతే వందల్లోనే. ముద్ర చెడకుండా ఉంటే ఇంకొంచెం పలుకుతాయి. యూట్యూబ్‌లో చెప్పే లక్షలు యూట్యూబ్‌లోనే ఉంటాయి. ఈ ఫోటోలో రెండు మూడు చాలా బాగున్నాయి. చారలన్నీ ఉన్నాయి. కానీ ఇదేంటి?"

వేలితో ఒక నాణెం అంచు చూపించాడు. అక్కడ కొత్తగా తళతళలాడే గాటు.

"ఇంత మంచి నాణేన్ని ఎవరు పాడుచేశారు?"

నాగేంద్రప్రసాద్ తాళాల గుత్తిని జేబులోకి తోశాడు.

"నేనే సార్. లోపల ఏముందో చూద్దామని ఆకురాయితో రాకినా."

"చూశారు కదా. లోపల ఏముంది?"

సోమవారం హాల్లో, అందరి ముందూ అంచు రాకినప్పుడు, లోపల కూడా పైన ఉన్న రంగే కనిపించింది. పూత పూసిన నకిలీ అయితే లోపల వేరే రంగు బయటపడాలి. పదకొండేళ్ల అనుభవం ఆ క్షణంలోనే చెవిలో చెప్పింది, ఇది పూత కాదు, ఆగు అని. అప్పటికే నకిలీ అనేశాడు. అందరూ అతని మొహమే చూస్తున్నారు. అనుమానాన్ని మింగేసి నాణేన్ని కుప్పలో పడేశాడు.

తెలియక చేశానని చెప్పుకునే దారి కూడా లేకపోయింది.

"పై రంగే ఉణ్ణింది సార్ లోపల గూడా," అన్నాడు చివరికి.

సోమశేఖర్ ఆల్బమ్ దగ్గరికి లాక్కున్నాడు. నాణేన్ని గుడ్డతో ఎత్తి జాగ్రత్తగా దాని గూట్లో పెట్టాడు. ఉమ తెచ్చిన కాఫీ బల్ల మీదే చల్లారింది.

* * *

ఇద్దరూ బండెక్కారు. వెనక సీటు మీద ఖైరున్‌బీ పెట్టె మలుపు వచ్చినప్పుడల్లా ఇటూ అటూ జరుగుతోంది. శుక్రవారం మధ్యాహ్నం, రోడ్డు ఖాళీగా ఉంది. తొందరగా చేరిపోతామని అతనికి భయంగా ఉంది.

"నువ్వు బండిలోనే ఉండు," అన్నాడు. "నేను పోయి చెప్పి వస్తా."

"నేనూ వస్తా."

"ఆడ నన్ను ఏమంటారో ఏమో."

"అననీ. ఆమెను అన్నెప్పుడు నేను లేను. నిన్ను అన్నెప్పుడన్నా ఉండాల."

అతను బండిని అర్దియా వైపు తిప్పాడు. ఎనిమిదేళ్ల కిందట పుష్పలత మొదటి ఇంట్లో తిండికి మాడి, గోడ పట్టుకుని ఏడుస్తుంటే, ఇంకో ఇంట్లో పని చూపించి నిలబెట్టింది ఖైరున్‌బీ. ఇప్పటికీ గురువారాలు ఆ అర్దియా ఇంటికి చుట్టాలు వస్తే పుష్పలత పోయి ఆమెకు సాయం చేసి వస్తుంది. బీరువాలోని వెండి పళ్లేలు తీయడం, తుడవడం, మళ్లీ సర్దడం వాళ్లిద్దరి పనే.

మామా హాల్లో కూర్చుని ఉంది. డెబ్బైకి దగ్గరపడిన మనిషి. అరబిక్‌లో ప అక్షరం లేదు కాబట్టి ఆమెకు అతనెప్పుడూ బ్రసాదే.

"సామాను తెచ్చావా బ్రసాద్?"

"తెచ్చాను మామా. ముందు ఒక మాట చెప్పాలి."

కూర్చోమనలేదు. నిలబడే చెప్పాడు. ఎడమకు, కుడికి, పెట్రోలు, రేపు ఎన్నింటికి, ఇలాంటి మాటలకే అలవాటైన అతని అరబిక్ ఆ రోజు కాళ్లీడ్చింది. నికెల్ అనే లోహం ఉందన్నాడు. అది కూడా అంటుకుంటుందన్నాడు. నాణేలు అసలువే, ఎవరూ మార్చలేదు, తప్పు నాదే అన్నాడు. ఆ చివరి మాట రెండుసార్లు అన్నాడు.

మామా అతని చేతిలోని తాళాల గుత్తి వైపు చూసింది.

"మొన్న ఇదే అయస్కాంతం చూపించి నకిలీవన్నావు. ఈరోజు అదే అయస్కాంతం చూపించి అసలువంటున్నావు. నిన్ను ఏ రాయి మీద గీసి చూడాలి బ్రసాద్?"

అతను తల దించుకున్నాడు.

"ఎవరూ మార్చలేదంటున్నావు. మరి ఖైరున్ నేనే తీశానని ఒప్పుకుంది కదా."

నాగేంద్రప్రసాద్‌కు వెంటనే అర్థం కాలేదు. అతని కంటే అరబిక్ బాగా వచ్చిన పుష్పలత వెనక నుంచి ఒక అడుగు ముందుకు వేసింది.

"ఒప్పుకుందా?"

"నిన్న. నా కొడుకు కాగితం రాశాడు, వేలిముద్ర వేసింది. మంచివి అమ్మేసి వీటిని పెట్టానంది. పందొమ్మిదేళ్లు నా వంటింట్లో ఉన్న మనిషని పోలీసుల దాకా పోనివ్వలేదు. టికెట్టు తీయించాను. ఇప్పుడు నువ్వొచ్చి దొంగతనమే జరగలేదంటున్నావు."

మామా మెడ దగ్గర వేలు పెట్టి దుస్తుల లోపలి నుంచి ఒక గొలుసు పైకి లాగింది. దానికి ఒక నాణెం వేలాడుతోంది. అరిగి అరిగి రాజు మొహం నున్నగా అయిపోయింది. వెనక్కు తిప్పితే పులి ఆకారం మాత్రం మిగిలింది, చారలు లేవు.

"మా నాన్న నాకు ఆరేళ్లప్పుడు ఆ పెట్టెలోంచే తీసి ఇచ్చాడు. అరవై ఏళ్ల పైగా నా ఒంటి మీదే ఉంది. దీన్ని ఎవరూ మార్చలేదు. ఆ అయస్కాంతం ఇటు తే."

అతను గుత్తి ఇవ్వబోతే జారి కింద పడింది. పుష్పలత వంగి తీసి ఇచ్చింది. మామా అయస్కాంతాన్ని నాణెం దగ్గరికి తెచ్చింది. గొలుసు బిగిసి, నాణెం పక్కకు జరిగి అంటుకుంది.

మామా దాన్ని విడదీయలేదు. అలా పట్టుకునే వంటింటి వైపు పిలిచింది.

"ఖైరున్."

ఖైరున్‌బీ వచ్చింది. నాలుగు రోజుల్లోనే మనిషి నలిగిపోయింది. తలమీద ముసుగు సరిచేసుకుంది కానీ నాగేంద్రప్రసాద్ వైపు చూడలేదు. నడుముకు తాళంచెయ్యి లేదు. ఆ ఖాళీ చోటే అతనికి ముందు కనిపించింది.

"నాణేలు అసలువే. నువ్వేమీ తీయలేదు," అంది మామా. "చేయని పని చేశానని ఎందుకు చెప్పావు?"

ఖైరున్‌బీ ముందు ఆ మాట నమ్మలేదు. మామా మెడలో అయస్కాంతానికి అంటుకుని ఉన్న నాణేన్ని చూసింది. అప్పుడు మెల్లగా తల తిప్పి పుష్పలతను చూసింది. ఆ చూపు చూసి పుష్పలత మొహం పాలిపోయింది.

"అక్కా. నేను తీసినాననుకున్న్యావా?"

ఖైరున్‌బీ జవాబు తెలుగులోనే చెప్పింది.

"నేనెందుకు అనుకుంటా మ్మే. నీ మొగుడు చెప్పినాడు గదా, మార్చినారని. ఆయప్ప మాటంటే బిల్డింగు బిల్డింగంతా నమ్ముతాది. నేనూ నమ్మినా. ఆ బీరువాలో చెయ్యి పెట్టేది మనం ఇద్దరమే. నా చెయ్యి గాదని నాకు తెల్సు. ఇంగ మిగిలింది ఎవురు?"

"అడగొచ్చు గదక్కా నన్ను."

"అడిగితే నువ్వు అవునంటే ఏం చేయాల? నీకు ఊర్లో బిడ్డ చదువుండాది. నాకేముండాది, ఇయ్యాళో రేపో పొయ్యేదాన్ని. నా పేరు చెప్పేస్తే నీ జోలికి రారనుకున్న్యా." ముసుగు ముందుకు లాక్కుంది. "నిన్ను దొంగ అనుకోని నిన్న నమాజు చేసినా మ్మే. నీ కోసం దువా చేసినా, దొంగదానికి చేసినట్టు."

పుష్పలత పమిట కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

నాగేంద్రప్రసాద్ నిలబడినచోటే నిలబడ్డాడు. ఖైరున్‌బీ తనను తిట్టలేదు. తిడితే తలవంచి పడేవాడు. ఆమె తన మాట నమ్మింది. చేయి పట్టుకుని నిలబెట్టిన పుష్పలతనే దొంగ అనుకునేంతగా నమ్మింది. గీటురాయి ముందు కూర్చుని పదకొండేళ్లు ఇలాంటి నమ్మకం కోసమే తపించాడు. ఇప్పుడు అది ఒంటి మీద పాకుతున్నట్టుంది.

"ఏమంటోంది?" అంది మామా. "బ్రసాద్, చెప్పు."

అతను పుష్పలత వైపు చూశాడు. ఆమెకు మాటలు బాగా వచ్చు, ఆమె చెబితే తేలిగ్గా అయిపోతుంది. పుష్పలత కన్నీళ్లు తుడుచుకుంది.

"నువ్వే చెప్పు," అంది. "ఒక్క మాట గూడా తగ్గించొద్దు."

అతను చెప్పాడు. మాట దొరకనిచోట ఆగాడు, వేరే మాటతో మళ్లీ మొదలుపెట్టాడు. సోమవారం నాణెం అంచు రాకినప్పుడే అనుమానం వచ్చిందని, నలుగురిలో చిన్నతనమవుతుందని నోరు మూసుకున్నానని కూడా చెప్పాడు. ఆ సంగతి ఎవరూ అడగలేదు. ఆ మాట వినగానే ఖైరున్‌బీ మొదటిసారి అతని మొహంలోకి చూసింది. ఆ చూపు ముందు అతను నిలవలేకపోయాడు.

అంతా విన్న మామా లేచింది. లోపలికి పోయి కాగితం తెచ్చి, వేలిముద్ర ఉన్నచోట నడిమికి చించింది. తన జేబులోంచి బీరువా తాళంచెయ్యి తీసి ఖైరున్‌బీ ముందుకు చాపింది.

ఖైరున్‌బీ చేతులు ముసుగు కిందనే ఉన్నాయి. బయటికి రాలేదు.

మామా కాసేపు అలాగే చెయ్యి చాపి నిలబడింది. తర్వాత తాళంచెయ్యిని కాఫీ బల్ల మీద, నాణేల చెక్కపెట్టె పక్కన పెట్టింది.

"నాగేంద్రా," అంది ఖైరున్‌బీ.

"అక్కా."

"నా పెట్టె యాడుండాది?"

"బండ్లో ఉండాదక్కా."

"తీస్కరా."

అతను బయటికి నడిచాడు. ఎండలో బండి తలుపు చెయ్యి కాలేలా వేడెక్కి ఉంది. పెట్టెను కిందికి దించాడు. విరిగిన చక్రంతో అది ఒక పక్కకు ఒరిగి నిలబడింది. లోపల గదిలో బట్టలు సర్దుకోవడానికి తెమ్మందో, ఆదివారం విమానానికి తెమ్మందో తెలియలేదు. తిరిగి వెళ్లి అడిగే ముఖం అతనికి లేదు.